ముందు బ్రేకులు

సోమవారం సాయంత్రం తాతబ్బాయి అంబాసిడర్ వచ్చి షెడ్డు ముందు ఆగినప్పుడు నూకన్న తలెత్తలేదు. చేతిలో ఎవరిదో స్కూటరు కార్బురేటరు ఉంది. చెవి మాత్రం రోడ్డు మీదకే పోయింది. ముందు ఎడమ చక్రం ముందుగా పట్టింది. కుడిది ఒక్క క్షణం వెనకబడి పట్టింది. ఆ క్షణంలో బండి ముక్కు గట్టు వైపు జానెడు తిరిగి నిలబడింది.

నలభై ఏళ్లుగా బళ్లు విప్పి బిగిస్తున్న మనిషికి బ్రేకు వేసిన చప్పుడు చాలు, లోపల ఏం జరుగుతోందో తెలియడానికి. ఈ బండి ముందు బ్రేకులు సర్దింది తనే. నెల కిందట సర్ది, చేతులు తుడుచుకుని, ఇంక పరవాలేదు పోనియ్ బావా అన్నదీ తనే. ఆ మర్నాడే వానలో ఫెరార్గంజ్ దిగుడు దగ్గర బండి ఎడమకు లాగి మట్టిగట్టును కొట్టింది.

పెద్ద దెబ్బేం కాదు. బంపరు వంగింది, దీపం ఒకటి పగిలింది. వెనక సీట్లో ఉన్న ముగ్గురిలో మాస్టారికీ కామమ్మకూ గీత కూడా పడలేదు. మూడో మనిషి దేముడమ్మ. ఒళ్లు ముందుకు తూలితే ముందు సీటుకు ఎడమ చెయ్యి అడ్డం పెట్టి ఆపుకుంది. చెయ్యి విరగలేదు, కాస్త వాచింది. కానీ వారానికి రెండుసార్లు పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకునే మనిషి ఆవిడ. అలాంటి వాళ్లకు చేతిలో ఒక నరాన్ని ఆపరేషన్ చేసి లావు చేసి ఉంచుతారు, సూదులు అక్కడే గుచ్చుతారు. దాని మీద వేలు పెడితే లోపల రక్తం జుమ్మని పరిగెత్తడం తెలుస్తుంది. దెబ్బ తగిలిన సాయంత్రానికి దేముడమ్మ చేతిలో ఆ జుమ్మనడం ఆగిపోయింది.

నెల్లాళ్లు ఆసుపత్రిలోనే ఉండి ఆవిడ ఇంటికి రావడం ఇవాళే. నూకన్న కార్బురేటరు బల్ల మీద పెట్టి వెనక డోరు దగ్గరకు వెళ్లాడు. దేముడమ్మ మెడ పక్కన రెండు గొట్టాలు బయటికి వచ్చి ప్లాస్టరు కింద ముడుచుకుని ఉన్నాయి. చెయ్యి కుదుటపడేదాకా యంత్రానికి దారి అవే. ఈసారి కుడిచేతికి కట్టు ఉంది. రెండో ఆపరేషన్ ఆ చేతికి చేశారన్నమాట.

ఆవిడ అతన్ని చూసి నవ్వింది. మంచినీళ్లు అడిగింది, కొంచెమే చాలంది. ఈ జబ్బు మనుషులు దాహానికి నీళ్లు తాగకూడదు, గొంతు తడుపుకోవాలి అంతే. నూకన్న సీసా మూతలో పోసి ఇచ్చాడు. రెండు గుక్కలు తాగి, మూడో గుక్క నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగింది.

"ఈ చెయ్యి నిలబడాల తమ్ముడూ," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "ఇది కూడా పోతే ఇంక సూది పెట్టడానికి చోటు లేదన్నారు డాక్టరు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నూకన్న దాని కోసం వెతికాడు. ఉంటే బాగుండుననిపించింది. మూత తిరిగి తీసుకుని, అందులో మిగిలిన చుక్కలు నేల మీద దులిపి, ముందు డోరు దగ్గరకు వచ్చాడు. తాతబ్బాయి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నూకన్న అక్కను చేసుకున్న మనిషి, అరవై దాటాయి, ముప్ఫై ఏళ్లుగా ఇదే ట్యాక్సీ బండి.

రేపు బండి తన దగ్గర వదిలెయ్యమన్నాడు నూకన్న. మళ్లీ సర్దుతావా అని అడిగాడు తాతబ్బాయి. సర్దనన్నాడు. "ఎంత సర్దినా డ్రమ్ము డ్రమ్మే బావా. మూసిన డబ్బా అది. వాన నీళ్లు లోపలికి పోతే ఒక చక్రం పట్టీస్తాది, ఒకటి జారిపోతాది. ముందు రెండింటికీ డిస్కులు పెట్టీస్తాను."

డిస్కు పళ్లెం లాంటిది, గాలికి తెరుచుకునే ఉంటుంది, తడి నిలవదు. తర్వాత వచ్చిన అంబాసిడర్లకు కంపెనీ వాళ్లే పెట్టారు. ఈ సంగతులన్నీ తాతబ్బాయికి తెలిసినవే. అతను ఆలోచిస్తున్నది గురువారం గురించి. సోమవారం, గురువారం ఒకే జబ్బున్న ఈ ముగ్గురినీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వచ్చే మంగళవారం బండికి ఫిట్‌నెస్ తనిఖీ కూడా ఉంది.

గురువారం ఒక్కరోజు బస్సులో పోతాంలే అంది వెనక నుంచి దేముడమ్మ.

మర్నాడు నూకన్న మొదటి బస్సుకు డిగ్నాబాద్ వెళ్లాడు. అక్కడ బాబ్జీ ఇంటి వెనక స్థలంలో, ఆఫీసులు వేలం వేసిన పాత బళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అణగ్గొట్టి, ఓడ దొరికినప్పుడు చెన్నైకి పంపిస్తాడు. మూల గోడవారగా ఒక తెల్ల అంబాసిడర్ ఉండాలి. నూకన్న పోయిన వానాకాలంలో చూసి మనసులో పెట్టుకున్నాడు. ఉంది. సీట్లు లేవు, నేల రేకు తుప్పు పట్టి గడ్డి మొలిచింది. మోకాళ్ల మీద కూర్చుని చక్రం వెనకకు తల దూర్చి చూస్తే డిస్కు కనబడింది. పైన ఎర్రటి తుప్పు పొర. గోరుతో గీకితే కింద మెరుపు వచ్చింది.

బాబ్జీ డబ్బుకు బదులు పని అడిగాడు. రెండు జీపుల ఇంజన్లు దించి పెట్టమన్నాడు. నూకన్న మధ్యాహ్నం దాకా అవి దించాడు. ఆ తర్వాత తన పని మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల ఉప్పుగాలి తిన్న నట్లు అవి. తిప్పితే తిరగవు, బలవంతం చేస్తే తల తెగిపోతుంది. ఒక్కోదానికి డీజిలు పూసి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, పానా పెట్టి, ముందు బిగించే వైపుకు వెంట్రుకవాసి కదిపి, అప్పుడు విప్పే వైపుకు తిప్పాడు. రెండు డిస్కులు, వాటిని అదిమి పట్టే క్యాలిపర్లు, చక్రం తిరిగే ఇరుసు ముక్కలు, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరు, దాని వెనక ఉండే గుండ్రని బూస్టరు. డీజిలు ఇంజనుకు ఆ బూస్టరు పనిచెయ్యాలంటే గాలి లాగే పంపు కావాలి. అది డైనమో వెనక ఉంటుంది కాబట్టి డైనమో కూడా విప్పాడు. అన్నీ రెండు గోనెసంచుల్లో కట్టి బస్సు పైన వేయించుకుని ఇంటికి వచ్చేసరికి వేళ్లు ముడుచుకోవడం లేదు.

బుధవారం, గురువారం షెడ్డులో వేరే బండి ముట్టుకోలేదు. తాతబ్బాయి బండి ముందు భాగాన్ని జాకీ మీద లేపి దుంగలు పెట్టాడు. డ్రమ్ములు ఊడదీస్తే లోపల గోధుమరంగు పొడి, నీటి చారలు. కుడి వైపు సిలిండరు ఒకటి సగం బిగుసుకుని ఉంది. అదే ఆలస్యంగా పట్టింది. నెల కిందట తను చూసినప్పుడు అది కదిలింది. కదిలిందా, లేక కదిలిందనుకున్నాడా? అతను దాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు, మళ్లీ నొక్కాడు. ఈసారి కదిలింది. దానిది అదే గుణం. ఒకసారి కదులుతుంది, ఒకసారి కదలదు.

గురువారం ఉదయం బస్సు వచ్చినప్పుడు నూకన్న కింద పడుకుని ఉన్నాడు. రోడ్డు అవతల బస్సు మెట్టు దగ్గర ముగ్గురి కాళ్లు మాత్రం కనిపించాయి. ముందు మాస్టారి చెప్పులు ఎక్కాయి, తర్వాత కామమ్మ చెప్పులు. దేముడమ్మ పాదాలు కింది మెట్టు మీద చాలాసేపు ఆగాయి. కట్టు ఉన్న చేత్తో కడ్డీ పట్టుకోలేదు కదా. కండక్టరో ఎవరో రెక్క పట్టుకుని పైకి లాగాడు. సాయంత్రం విన్నాడు, సిప్పీఘాట్ దాకా నిలబడే వెళ్లిందని.

ఆ రోజు చీకటి పడే లోపల కొత్త ఇరుసులు కూర్చున్నాయి, డిస్కులు ఎక్కాయి. చేత్తో చక్రం తిప్పితే పాలమీగడ మీద తిరిగినట్టు తిరిగింది. కానీ పెడల్ ఒకసారి తొక్కి వదిలేశాక మళ్లీ తిప్పితే తిరగలేదు. క్యాలిపర్ వదలడం లేదు. నూకన్న అరగంట బల్ల మీద కూర్చుని బీడీ కాల్చాడు. అప్పుడు తట్టింది. బూస్టరు అమర్చాడు గానీ, దానికి బాబ్జీ దగ్గర తెచ్చిన సిలిండరు కాకుండా, రబ్బర్లు మంచివని ఈ బండి పాత మాస్టర్ సిలిండరే పెట్టాడు. డ్రమ్ముల కోసం చేసింది అది. గొట్టంలో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. డిస్కుకు ఆ ఒత్తిడి పనికిరాదు. పాతది తీసేసి, తెచ్చిన దానికి మంచి రబ్బర్లు వేసి బిగించాడు. వదిలింది.

శుక్రవారం మిగిలింది గాలి తీయడం. గొట్టాల్లో బ్రేకు ఆయిలుతో పాటు గాలి బుడగలు ఉంటే పెడల్ మెత్తగా పోతుంది. ఒకరు పైన కూర్చుని తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి గాలి పోనివ్వాలి. తాతబ్బాయి ఆ పొద్దు షాదీపూర్‌లో ఎవరి దగ్గరో టైర్లు తేవడానికి పోయాడు. షెడ్డు ముందు నుంచి ఇంటికి పోతున్న దేముడమ్మ ఆగి, ఏమిటి ఆగిపోయావని అడిగింది. నూకన్న చెప్పాడు.

"కాళ్లు బాగానే ఉన్నాయి నాకు," అంది ఆవిడ.

డ్రైవరు సీట్లో ఎక్కించాడు. కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విప్పి, పెడల్ మీద పాదం ఆనించింది. ముప్ఫై ఏళ్లు ఈ దీవిలో ఎన్నో బళ్లెక్కింది గానీ స్టీరింగు వెనక కూర్చోవడం ఇదే మొదటిసారని చెప్పింది. నూకన్న చక్రం పక్కన పడుకుని చెప్పాడు. తొక్కప్పా. పట్టుకో. అలాగే ఉంచు. ఇప్పుడు వదులు. సీసాలో ముంచిన సన్న గొట్టంలోంచి బుడగలు గుడగుడమని వచ్చాయి. మళ్లీ తొక్కు. పట్టుకో. కొంతసేపటికి అతను చెప్పక ముందే ఆవిడ కాలు ఆ వరస నేర్చుకుంది. బుడగలు పలచబడ్డాయి. ఒక్కొక్కటే వచ్చాయి. ఆగిపోయాయి.

"తమ్ముడూ, కాలి కింద రాయి తగిలినట్టు ఉంది," అంది పైనుంచి.

"అదే గావాలప్పా."

"అంతేనా అయిపోయింది?"

"అయిపోనాది."

ఆవిడ వెంటనే దిగలేదు. ఇంకోసారి తొక్కింది, ఇంకోసారి. ప్రతిసారీ ఒకే చోట పాదం ఆగడం చూసి తల ఊపింది. నూకన్న కింద పడుకునే ఆ చప్పుడు విన్నాడు. రెండు వైపులా ఒకే చప్పుడు.

సోమవారం వాన పడింది. నూకన్న షెడ్డు మూసి ముందు సీట్లో కూర్చున్నాడు, పోర్ట్‌బ్లెయిర్ దాకా చూసి వస్తానని. దిగుడు సగంలో ఉండగా పోకతోటలోంచి ఒక మచ్చల జింక రోడ్డు మీదకు దూకింది. తాతబ్బాయి తొక్కాడు. బండి గీత గీసినట్టు ఆగింది. ముక్కు ఏ పక్కకూ తిరగలేదు. జింక తడిసిన చెవులు దులిపి అవతలి పొదల్లోకి పోయింది. వెనక మాస్టారు ఏదో చెబుతున్నవాడు చెబుతూనే ఉన్నాడు. ఆగినట్టే ఆయనకు తెలియలేదు. తాతబ్బాయి మాత్రం నూకన్న వైపు చూసి అతని మోకాలి మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు.

*

మంగళవారం రవాణా ఆఫీసు మైదానంలో బళ్లు వరసగా నిలబడ్డాయి. పోయిన ఏళ్లలో ఫిట్‌నెస్ అంటే ఒకాయన వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దీపాలు వెలిగించమని, హారను కొట్టమని, సంతకం పెట్టేవాడు. బిగుసుకుపోయిన సిలిండర్లతో ఈ బండి అలా ఎన్నిసార్లు పాసయిందో నూకన్నకు లెక్క తెలియదు. ఈసారి ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, గోపినాథ్ అని. ఇక్కడే పుట్టిన తెలుగువాడు, తాత కాలంలో వచ్చిన కుటుంబం. పని శ్రద్ధగా చేసే మనిషి. తనే ఎక్కి నడిపాడు. మైదానం చివరిదాకా వేగంగా పోయి, గట్టిగా తొక్కి, వెనక్కి వచ్చి మళ్లీ తొక్కాడు. దిగి, టైర్ల గుర్తులు నేల మీద వంగి చూశాడు. రెండూ సమానంగా ఉన్నాయి.

"అంకుల్, పొద్దున్నించీ చూసిన గాడీల్లో బ్రేక్ నంబర్ వన్ ఇదే," అన్నాడు.

నూకన్నకు ఒళ్లు తేలికయింది. గోపినాథ్ టార్చి వేసి చక్రం వెనకకు చూశాడు. చేతిలో కాగితం చూశాడు. మళ్లీ చక్రం చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. నేనే బాబూ అన్నాడు నూకన్న, ఇంకా నవ్వుతూనే.

గోపినాథ్ వాళ్లిద్దరినీ నీడకు తీసుకెళ్లి చెప్పాడు. కంపెనీ ఇచ్చిన కాగితాల్లో ఈ బండికి ముందు డ్రమ్ములని ఉంది. ఉన్నది మార్చితే పాస్ చెయ్యడానికి వీల్లేదు. మార్చుకోవచ్చని కంపెనీ నుంచి ఉత్తరం తెస్తే చూడవచ్చు.

ఆ కంపెనీ ఈ బళ్లు చెయ్యడం మానేసి ఎన్నేళ్లయింది బాబూ అన్నాడు తాతబ్బాయి.

"మాలూమ్ హై, నాకూ తెలుసు అంకుల్. నేనేం చెయ్యను? సిస్టమ్‌లో డ్రమ్ అని ఉంది. నేను డిస్క్ అని రాస్తే అది తీసుకోదు."

"పాతవాటితో గట్టుకి కొట్టీసింది బాబూ," అన్నాడు నూకన్న. "మనిషి చెయ్యి పోనాది. అదైతే పాసు, ఇదైతే ఫెయిలా?"

గోపినాథ్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. "అవునంకుల్," అన్నాడు.

పాత డ్రమ్ములే పెట్టి తెమ్మన్నాడు, రేపే తెస్తే రేపే చేసేస్తానన్నాడు. తను చేయగలిగినంత సాయం చేస్తున్నాడని నూకన్నకు కూడా అర్థమయింది. కోపం పెట్టుకోవడానికి ఆ ముఖంలో చోటు దొరకలేదు.

ఇంటికి వచ్చి షెడ్డు ముందు ఆగాక నూకన్నే అన్నాడు, డ్రమ్ములు ఎక్కిస్తానని. ఎక్కించి, కాగితం చేతికి వచ్చాక అదే సాయంత్రం డిస్కులు మళ్లీ బిగించవచ్చునని కూడా అన్నాడు. రెండు రోజుల పని ఇప్పుడు చేతులకు తెలుసులే, ఒక్క పూటలో అయిపోతుంది. తాతబ్బాయి దానికి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

బుధవారం తెల్లవారుతూనే పని మొదలెట్టాడు. చేత్తో పెట్టినదాన్ని చేత్తోనే తీయడం కొత్తేం కాదు. మెకానిక్కు రోజూ అదే పని. అయినా డిస్కు నుంచి క్యాలిపర్ విడదీసేటప్పుడు గొట్టంలోంచి ఆయిలు చుక్కలుగా కారుతుంటే డబ్బా పెట్టడం మరిచిపోయాడు. పాత సిలిండర్లకు గీతలు పోయేలా సన్న గరుకు కాగితం పట్టాడు, రబ్బర్లు మార్చాడు, లైనింగు మీద నీటి చారలు గీకాడు. నడుము దగ్గర తడిసిన చొక్కాతో పైకి లేచేసరికి రోడ్డు వారన దేముడమ్మ నిలబడి ఉంది. గోనెపట్టా మీద పక్కపక్కన పెట్టిన రెండు డిస్కులను చూస్తోంది. పలకరిద్దామని నూకన్న నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఎండగా ఉంది. పొడి నేల మీద డ్రమ్ములు బాగానే పట్టాయి. గోపినాథ్ ఒకసారి నడిపి, చక్రం వెనకకు టార్చి వేసి, సరేనన్నాడు. తర్వాత గదిలోకి పిలిచి నూకన్న ముందు ఒక కాగితం పెట్టాడు. ఒకసారి మార్పు పట్టుబడిన బండి కాబట్టి పని చేసిన మెకానిక్ రాసివ్వాలట. ఇంగ్లీషులో, హిందీలో ఉంది. నూకన్న చదవమన్నాడు. గోపినాథ్ వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. ఈ బండి బ్రేకులు కంపెనీ ఇచ్చినట్టే ఉన్నాయి, సరిగ్గా పనిచేస్తున్నాయి, వాటి వల్ల ప్రయాణికులకు ప్రమాదం లేదు అని.

నూకన్న కలం తీసుకున్నాడు. "మొదటి మాట నిజమే బాబూ. రెండోది కూడా ఎండలో అయితే నిజమే. మూడోది నానెలా రాసిత్తాను?"

"మూడూ ఒకే లైన్ అంకుల్," అన్నాడు గోపినాథ్. "అలగ్ అలగ్ లేవు."

బయట వరసలో బళ్లు హారన్లు కొడుతున్నాయి. తాతబ్బాయి తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఒక్క సాయంత్రం అబద్ధమే కదా అనుకున్నాడు నూకన్న. డిస్కులు ఎక్కితే రేపు ఉదయానికి ఆ మూడో మాట అబద్ధం కాకుండా పోతుంది. వంగి, తెలుగులో, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టాడు. గోపినాథ్‌కు తెలుగు చదవడం రాదు. పేరేమిటని అడిగి పక్కన ఇంగ్లీషులో తను రాసుకున్నాడు.

సిప్పీఘాట్ దాటాక నూకన్న చెప్పాడు. ఇంటికి పోగానే దుంగలు పెట్టేస్తానని, దీపం పెట్టే వేళకు ఎడమ వైపు, భోజనాల లోపల కుడి వైపు అయిపోతుందని, గాలి తీయడానికి తాతబ్బాయి ఉంటే చాలని. తాతబ్బాయి వింటూ నడిపాడు. సునామీ నాటి నుంచి నిలిచిపోయిన నీళ్లలో చచ్చి నిలబడిన చెట్ల మొండేల మీద కొంగలు వాలి ఉన్నాయి. కొంతదూరం పోయాక బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"వద్దు నూకన్నా," అన్నాడు.

నూకన్న అర్థం కానట్టు చూశాడు.

"ఆ బాబు మన బండిని కంప్యూటర్లో ఎక్కించీసేడు. ఎక్కడ ఆపినా చక్రం వెనక చూస్తారు. డిస్కులుంటే లైసెన్సు పోతాది. ఇన్సూరెన్సు ఉండదు. అదీ కాదు." అతను గేరు కడ్డీ మీద చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. "మొన్న డ్రమ్ములతో గట్టుకి కొట్టినప్పుడు నన్నెవులూ ఏటీ అనలేదు. వాన అన్నారు. రోడ్డు అన్నారు. దేవుడు అన్నారు. రేపు డిస్కులతో ఎవులికన్నా గోరు ఊడినా తాతబ్బాయి అంటారు, నూకన్న అంటారు. జైల్లో ఎడతారు."

"డిస్కులతో ఊడదు బావా."

"ఊడదు. నాకు తెల్దేటి?"

ఒక లారీ వాళ్ల పక్క నుంచి పోయింది. బండి కొంచెం ఊగింది. నూకన్న ఇంకా చెప్పాలనుకున్నాడు. జింక సంగతి చెప్పాలనుకున్నాడు, దేముడమ్మ రెండో చెయ్యి సంగతి చెప్పాలనుకున్నాడు. తాతబ్బాయి అవన్నీ తనకన్నా ముందే తూచి చూసుకున్నాడని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. నిన్న మైదానం నుంచి వచ్చేటప్పుడే తూచాడు, అందుకే అవునని గానీ కాదని గానీ అనలేదు. సంతకం పెడుతున్నప్పుడు తలుపు దగ్గర నేల చూసింది కూడా అందుకే. అతను పిరికివాడు కాదు. ముప్ఫై ఏళ్లలో ఏ వానకూ ఏ తుపానుకూ ఆసుపత్రి మనుషులను దించెయ్యలేదు. ఆ ఒక్క బండి, ఆ ఒక్క లైసెన్సు తప్ప చేతిలో ఇంకేమీ లేని మనిషి.

"మెల్లిగా పోతాన్లే," అన్నాడు తాతబ్బాయి. "మొదటి గేర్లో దించుతాను. వానయితే మరీ మెల్లిగా."

నూకన్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు ఉంది. రాసిచ్చిన కాగితం ఆఫీసు బీరువాలో చేరి ఉంటుంది ఈపాటికి. వెనక్కి తీసుకోవడానికి వీలున్న మాట కాదది ఇంక.

గురువారం ఉదయం ఆకాశం మూసుకుని ఉంది. అంబాసిడర్ షెడ్డు ముందు ఆగింది, డీజిలు మూత బిగించమని. బిగించే పని చిన్నదే, తాతబ్బాయే చేసుకోగలడు. అయినా ఆగాడు. నూకన్న మూత బిగించి, రుమాలుతో తుడిచి, అవసరం లేకపోయినా మళ్లీ తుడిచాడు. వెనక సీట్లో ముగ్గురూ ఉన్నారు. మాస్టారు నిద్రలో తూగుతున్నాడు. కామమ్మ మధ్యలో కూర్చుని ఒళ్లో పెట్టుకున్న టిఫిను డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. కిటికీ పక్కన దేముడమ్మ.

"తమ్ముడూ," అని పిలిచింది.

అతను వెళ్లాడు. ఆవిడ కళ్లు అతని కళ్లలోనే ఉన్నాయి. నిన్న గోనెపట్టా దగ్గర నిలబడ్డ మనిషి ఆవిడ. చూసిందని అతనికి తెలుసు, అతనికి తెలుసని ఆవిడకూ తెలుసు.

"బండి బాగున్నాది కదా?"

ముందు సీట్లో తాతబ్బాయి అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు. వైపర్ ఒకసారి అటు పోయి ఇటు వచ్చింది, ఇంకా చినుకు పడకపోయినా. లేదప్పా, దిగిపో అనే మాట ఒక క్షణం నూకన్న నోటిదాకా వచ్చింది. దిగితే ఆవిడ ఎందులో పోతుంది? బస్సు మెట్టు మీద ఆగిన పాదాలు కళ్ల ముందు కదిలాయి. ఇవాళ రక్తం శుభ్రం కాకపోతే రేపటికి ఒళ్లు ఉబ్బుతుంది, ఎల్లుండికి ఊపిరి ఆడదు.

"బాగున్నాదప్పా," అన్నాడు.

దేముడమ్మ తల ఊపింది. అతన్ని నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. చిన్నపిల్లవాడు తప్పు చేసి వచ్చి నిలబడితే పెద్దవాళ్లు ఊపినట్టు ఊపింది. కాళ్ల దగ్గర ఉన్న గుడ్డసంచిని ఎడమచేత్తో పైకి లాగి, అందులోంచి ఇంట్లో తలకింద పెట్టుకునే దిండు తీసింది. దాన్ని ముందు సీటుకూ తన కుడిచేతికీ మధ్య నిలబెట్టి, రెండు పక్కలా నొక్కి, కదలకుండా కుదురుకుందో లేదో చూసుకుంది. కుదిరాక కట్టు చెయ్యిని దాని వెనక మెల్లగా పెట్టుకుంది.

"పోదాం తాతబ్బాయ్," అంది.

తాతబ్బాయి గేరు వేశాడు. చినుకులు మొదలయ్యాయి. బండి దిగుడు వైపు నడిచే మనిషంత మెల్లగా పోయింది. వెనక వచ్చిన బస్సు హారను కొడుతూ దాని పక్క నుంచి దాటి వెళ్లిపోయింది. నూకన్న రోడ్డు మీదే నిలబడి, చేతిలో రుమాలు నానిపోతున్నా లోపలికి పోకుండా, కింద మలుపు దగ్గర బ్రేకు చప్పుడు ఎలా వస్తుందో విందామని చెవి అటే పెట్టి ఉంచాడు. వాన పెరిగి ఏ చప్పుడూ వినబడలేదు.